ఇచ్చినోళ్ళు ముందు తినాల

సిస్టరమ్మ సంతాప సభకి షామియానా నాదే, కుర్చీలు నావే, మైకు కూడా నాదే. అద్దె తీసుకోలేదు. అందుకే కాబోలు, నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. ఊరికే ఇచ్చినవాడికి స్టేజీ వెనకాలే చోటుంటుందని టెంటు హౌసు పెట్టిన కొత్తలోనే నాకు తెలిసొచ్చింది.

పోనీ, మాట్లాడినవాళ్ళేనా సరిగ్గా మాట్లాడేరా అంటే, అదీ లేదు. ఒకాయన లేచి "ఆమె చిరునవ్వుల తల్లి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడ నవ్వగా నేను చూళ్ళేదు. ఇంకొకాయన "ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు" అన్నాడు. ఆయన్ని ఆవిడ నడిరోడ్డు మీద నిలబెట్టి దులిపేసిన రోజు నేను పక్కనే ఉన్నాను, నా వేను కూడా ఉంది. ఫ్లెక్సీలో చూద్దామంటే చచ్చిపోయినావిడ ఫొటో ఓ మూలన తపాలా బిళ్ళంత, బతికున్న ఆహార బేంకు కమిటీ పెద్దల ఫొటోలు మాత్రం గుమ్మడికాయలంత. జెనరేటరు పక్కన కూర్చుని పళ్ళు నూరుకున్నాను. అక్కడ చెప్పలేనివి ఇక్కడ చెప్తున్నాను.

మా ఆహార బేంకు గురించి ఒడిశాలో ఈ పక్క జిల్లాల్లో ఇప్పుడు తెలీనివాళ్ళు లేరు. కొరాపుట్‌లో ఆఫీసు, రాయగడలో గోదాం, గుణుపురంలో మరో శాఖ, పేరు రాసిన లారీ, మెడలో కార్డు వేలాడేసుకున్న వలంటీర్లు, అన్నీ ఉన్నాయి. దీని పుట్టుక గురించి కరపత్రంలో ఏదేదో రాసేరు. మహాసంకల్పం అట, దార్శనికత అట. అసలు సంగతేటంటే, ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రిటైరయిన ఒకావిడకి, అంటే మా సిస్టరమ్మకి, ఇంట్లో ఊసుపోలేదు.

గోదావరి పక్క నుంచి ఉద్యోగం కోసం ఈ కొండల మీదకి వచ్చి, ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవుల ఇంటి మనిషి. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. వంటకి బియ్యం పోసుకున్నప్పుడల్లా అందులోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం పట్టుకెళ్ళి లేనివాళ్ళకి ఇస్తారు. సిస్టరమ్మ రిటైరయ్యేక ఆ గుప్పెటని చర్చి గుమ్మం దాటించింది. హిందువులా, ముస్లిములా, ఒడియావాళ్ళా, తెలుగువాళ్ళా అని చూడకుండా వీధివీధీ తిరగడం మొదలెట్టింది.

తెల్ల నూలు చీర, కాళ్ళకి కేన్వాసు బూట్లు, చేతికి లోపలివైపు తిప్పి కట్టుకున్న గడియారం. సరిగ్గా ఎసరు పెట్టే వేళకి వచ్చేది. ఒక్క నిమిషం ముందు రాదు, అన్నం వార్చేక రాదు. తిన్నగా వంటింట్లోకే. మా ఆవిడ మొదటిసారి చూసి నిర్ఘాంతపోయింది. ఎవరైనా గుమ్మంలో నిలబడి అడుగుతారు గానీ పొయ్యి దగ్గరికి వచ్చి అడుగుతారా? సరే, వచ్చింది గదా అని డబ్బాలోంచి దోసెడు బియ్యం తీసి ఇవ్వబోతే వద్దంది.

"ఆ డబ్బాలోది నీ మిగులమ్మీ. ఈ గిన్నెలోది నీ తిండి. నాకు ఈ గిన్నెలోదే కావాలి."

కడగబోతున్న బియ్యంలోంచి మా ఆవిడ చేత్తోనే ఒక గుప్పెడు తీయించుకుని సంచిలో పోయించుకుంది. ఆ గుప్పెడూ తగ్గితే మాకేం కొంప మునిగిపోదు. కానీ ఆ పూట అన్నం తింటూంటే, ఇందులో ఎవరిదో ఒక ముద్ద ఉందన్న సంగతి తెలుస్తుంది. అదే ఆవిడకి కావలసింది. వెళ్తూ వెళ్తూ మా ఆవిడ కింది రెప్ప వేలితో లాగి చూసి, "రక్తం లేదు. ఆకుకూర తిను" అని ఆర్డరేసి పోయింది. మా ఆవిడ నా మీద విరుచుకుపడింది, ఇంటికొచ్చి కళ్ళు పీకి చూసే మనుషుల్ని నేనే పంపించేనని.

కళ్ళు లాగి చూడ్డం ఆవిడకి మనం నమస్కారం పెట్టడం లాంటిది. ఎవరు ఎదురైతే వాళ్ళకే. ఆ గుప్పెళ్ళు పోగై ఆహార బేంకయ్యేక, మొదటి మీటింగులో రాయగడ నుంచి వచ్చిన మిల్లు యజమాని దండ వేయించుకుని కూర్చుంటే, ఆయన రెప్ప కూడా లాగి చూసింది. చూసి, "మీకు రక్తానికేం లోటు లేదు, ఇంకొకరికి కూడా సరిపోతుంది" అంది. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఆయనకి అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం పడ్డాయి. ఆయన్నే ప్రెసిడెంటుని చేసేరు.

ప్రెసిడెంటు గారి గురించి కూడా చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. మా లాగే సిక్కోలు పల్లెల్నించి గుణుపురం పక్కకి వచ్చి భూములు చేసుకున్న కుటుంబం. వాళ్ళ నాన్న నాగలి పట్టేడు, ఈయన మిల్లు పెట్టేడు. ఇచ్చే చెయ్యే, కాదనను. కాకపోతే ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి ఫొటోలో పడాలి. బియ్యం పేకెట్టు ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు బోలెడు, అన్నిటికీ మధ్య ఈయన ఉంగరాల చెయ్యి. తీసుకునే ముసలాయన ఎక్కడున్నాడో ఫొటోలో వెతుక్కోవాలి.

బేంకు పెరుగుతున్నకొద్దీ గుప్పెళ్ళు పోయి బస్తాలు వచ్చేయి. బస్తాలతో పాటు పురుగులు వచ్చేయి. కొరాపుట్ పక్కన జైపూర్ రోడ్డులో ఒక షావుకారు ముక్కిపోయిన బియ్యం బస్తాకి దండ వేసి మరీ ఇచ్చేడు. సిస్టరమ్మ కట్టు విప్పింది, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అందులో బియ్యమే తీసి అక్కడికక్కడే వండించింది. వేడివేడి అన్నం, పప్పు, ఆకు వేసి షావుకారు ముందర పెట్టింది. చేతులు కడుక్కోడానికి నీళ్ళు కూడా ఆవిడే పోసింది. "తినండి బాబూ, మీ బియ్యమే" అంది ఎంతో మర్యాదగా. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేడు, కక్కలేడు. అందరూ చూస్తున్నారు. మర్నాడు మంచి బస్తా వచ్చింది.

ఆ రోజునుంచి అదే రూలు. ఇచ్చినోళ్ళు ముందు తినాల. ఇచ్చిన దాంట్లోంచే వండాలి, ఇచ్చినవాడే తినాలి, తిన్నాకే బస్తా లోపలికి పోవాలి. "నీకు వద్దనిపించింది తెచ్చి నా దగ్గర పడేస్తే అది దానం కాదు, ఇల్లు ఊడ్చుకోవడం" అనేది.

ఆ రూలు నుంచి తప్పించుకోడానికి మనవాళ్ళు పడ్డ పాట్లు చూడాలి. ఒకాయన పై బస్తా ఒక్కటీ మంచిది పెట్టి తెచ్చేడు. ఆవిడ అట్టడుగు బస్తా లాగించింది. ఇంకొకాయన తనకి ఉపవాసమని చెప్పి డ్రైవర్ని కూర్చోబెట్టేడు. "బిడ్డా, నువ్వు ఇచ్చేవా?" అని డ్రైవర్ని అడిగి, పాపం అతనికి మా ఇంటి అన్నం పెట్టించి, బస్తాలు వెనక్కి పంపేసింది. ఉపవాసం ఎప్పుడు అయిపోతుందో కనుక్కుని ఆ రోజుకి మళ్ళీ పిలిచింది కూడా. గడువు దాటిన బిస్కట్లు ఇచ్చిన కంపెనీ మనిషైతే, ఆవిడ పళ్ళెం పట్టుకు రావడం చూసి ఫోను వచ్చినట్టు నటించి బయటికెళ్ళి, ఇప్పటిదాకా లోపలికి రాలేదు.

కమిటీ లబలబలాడింది. దాతల్ని అవమానిస్తున్నారు, ఇలాగైతే ఎవరిస్తారు అని. నిజమే, చాలామంది మానేసేరు. ఆవిడ మాత్రం కమిటీ పెద్ద మాట్లాడుతున్నంతసేపూ ఆయన మణికట్టు పట్టుకుని గడియారం చూసుకునేది. ప్రేమ కాబోలనుకుని ఆయన ఇంకా మాట్లాడేవాడు. ఆఖర్న చెయ్యి వదిలేసి, "నాడి బాగా పరుగెడుతోంది, అంత కంగారు దేనికి?" అనేది. అంతటితో మీటింగు అయిపోయేది.

ఇదంతా చదివి ఆవిడేదో తప్పు చెయ్యని మనిషని అనుకోకండి. ఆవిడ రూలుకీ ఓ చిల్లుంది. అది నందపూర్ సంతలో బయటపడింది.

నందపూర్ పైన కొండ మీద ఒక ఊరుంది. వానలు పట్టేయంటే ఘాటీ రోడ్డు జారిపోతుంది, మళ్ళీ ఎండ కాసేదాకా ఆ ఊరికి లారీ ఎక్కదు. ఇంట్లో ఏముంటే దానితోనే వానాకాలమంతా గడవాలి. అందుకని బేంకు ఆ ఊరికి వానలకి ముందే తిండి పంపుతుంది. ఆ ఏడు ప్రెసిడెంటు గారు ఉత్సాహపడి, తన మిల్లు నుంచి మేలురకం సన్నబియ్యం ఇచ్చేరు. రూలు ప్రకారం ఆయనే ముందు తిన్నారు. నెయ్యేసుకుని మరీ తిన్నారు, మేమూ తిన్నాం. మల్లెపువ్వులాంటి అన్నం. లారీకి ముందర డ్రైవరు నిమ్మకాయలు కట్టేడు. సిస్టరమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, నిమ్మకాయలు ఎండిపోయేయి, మంచివి కట్టమంది. ఆవిడ దేవుడి పని ఆవిడదే, డ్రైవరు దేవుడి పని డ్రైవరుదే, రెండూ సరిగ్గా జరగాలి.

తరవాతి వారం ఒక పెళ్ళికి షామియానా మాట్లాడ్డానికి నేను నందపూర్ వెళ్ళేను. సంత రోజు. అక్కడ ఒక వ్యాపారి దగ్గర మా బేంకు బొమ్మ వేసిన బస్తాలు వరసగా నిలబడున్నాయి. ఆ కొండ ఊరి ఆడవాళ్ళు సన్నబియ్యం పోసి, బదులుకి చోళ్ళు, అదే రాగులు, కొలిపించుకుని గంపలకెత్తుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మంచి బియ్యం! మేమే పండగకి వండుకునే బియ్యం! ఊరుకోలేక, కొరాపుట్ వచ్చి కమిటీలో చెప్పేసేను.

చెప్పగానే తేనెతుట్టె కదిలినట్టయింది. ధర్మాన్ని అమ్ముకుంటారా అని ఒకరు. వీళ్ళకి ఇలాగే కావాలని ఇంకొకరు. ప్రెసిడెంటు గారి మొహం కందగడ్డయింది. ఆ ఊరికి ఇంక గింజ పంపొద్దని తీర్మానం చేసేసేరు. మరో లారీ పంపవలసి ఉంది, అది ఆగిపోయింది. పైన మబ్బులు దిగుతున్నాయి. అది అందకపోతే వానల్లో ఆ ఊరు ఏం తింటుందని అడిగిన మనిషి ఒక్క సిస్టరమ్మే. ఆవిడ లేచి నా భుజం మీద తట్టి, "వేను తియ్యి" అంది.

వెళ్ళేం. కొండ ఊళ్ళో ఒక ముసలామె ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. సిస్టరమ్మకి వాళ్ళ దేశియా మాట బాగా వచ్చు, గోదావరి యాసతో. బియ్యం ఎందుకు మార్చుకున్నారని సూటిగా అడిగింది. ముసలామె ఏమీ దాచలేదు, సిగ్గూ పడలేదు. ఆ తెల్లన్నం పిల్లలకి చాలా బాగుందిట, జాతరలాగుందిట. కానీ పొద్దున్న తిని పైనున్న చేను దగ్గరికి ఎక్కితే, సగం పనిలోనే కడుపు ఖాళీ అయిపోతోందిట. చోడి జావ తాగితే సాయంత్రం దాకా నిలబడుతుంది. పైగా బియ్యం ఇస్తే చోళ్ళు ఎక్కువొచ్చేయి, వానల్లో ఇంకాస్త ఎక్కువ రోజులు వస్తాయి. మీరు మంచివే పంపేరు, మేం వాటిని ఇంకా మంచివి చేసుకున్నాం అని చెప్పి, మాకూ రెండు సొరకాయ బుర్రల నిండా జావ పోసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఘాటీ దిగేక సిస్టరమ్మ అంది.

"నా రూలే తప్పు నాయనా. ఇచ్చేవాడి నాలుకని అడిగేను గానీ, తినేవాడి కడుపుని అడగలేదు."

ఆవిడ తప్పు ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. నాకూ సిగ్గేసింది. పండగ బియ్యం, పండగ బియ్యం అని కమిటీలో గుండెలు బాదుకున్నది నేనే గదా.

కమిటీలో మళ్ళీ నిలబడి, ఆ ఊరికి బియ్యం కాదు, చోళ్ళు పంపుదామంది. గదంతా గమ్మయిపోయింది. ఈ నిశ్శబ్దం బయటివాళ్ళకి అర్థం కాదు, మాకే అర్థమవుతుంది. మా తాతలు సిక్కోలు పల్లెల్లో చోడి అంబలి తాగి బతికినవాళ్ళు. మా నాన్న అంబలి తాగుతూంటే చుట్టాలెవరైనా వస్తే, ముంత మంచం కిందకి నెట్టేసేవాడు. అన్నం తినే స్థితికి రావడమే మాకు పెద్దరికం. చోళ్ళంటే మేం ఏ లేమి నుంచి పారిపోయి వచ్చేమో ఆ లేమి. అలాంటిది బేంకు బొమ్మ వేసిన బస్తాలో, మా పేరు మీద చోళ్ళా? ఫొటో ఎలా తీయించుకోవాలి?

ప్రెసిడెంటు గారు తెలివైన మనిషి. సిగ్గు సంగతి ఎత్తలేదు. "అమ్మా, మీ రూలే చెప్తున్నాను" అన్నారు. "ఇచ్చినోళ్ళు ముందు తినాల అన్నారా లేదా? చోళ్ళు మా దాతల్లో ఎవరు తింటారు? తిననిది ఇవ్వకూడదు గదా."

అందరూ భళా అన్నట్టు చూసేరు. సిస్టరమ్మ అడిగింది.

"తింటే పంపుతారా?"

"తింటే పంపుతాం."

"మీరు తింటే?"

ప్రెసిడెంటు గారు ఇటూ అటూ చూసి, సరే అన్నారు. ఆయన ధీమా ఏటంటే, ఆవిడ రాయగడ దాకా వచ్చి ఆయన ఇంట్లో పొయ్యి పెట్టలేదు గదా అని.

కానీ రాయగడలో గోదాం ప్రారంభోత్సవం దగ్గర పడింది. భువనేశ్వర్ నుంచి పెద్ద దాత ఒకాయన వస్తున్నాడు. వంటల బాధ్యత మహిళా విభాగానిది, అంటే సిస్టరమ్మది. పందిరి నాది, పాత్రలు నావి. పన్నీరు కూరా పులావూ అని కమిటీ రాసిచ్చింది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, పెద్ద గుండిగలు రెండు చాలు, పులావు పాత్రలు లారీలోంచి దించొద్దంది. నేను దించలేదు. కమిటీ అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోలేదు. ఆ మాటకొస్తే ఆవిడ చెప్పేక ఆలోచించిన మగాడు మా కొరాపుట్‌లో ఎవడున్నాడు?

ఫంక్షను ఫంక్షనులాగే జరిగింది. రిబ్బను కత్తిరించేరు, కత్తెర కనబడక కొంతసేపు వెతికేరు. బొకేలు, శాలువాలు. జ్యోతి వెలిగించడానికి ప్రెసిడెంటు గారి తల్లిని తీసుకొచ్చేరు. ఎనభై దాటిన ముసలమ్మ, జరీచీర బరువుకి వంగిపోయి, ముందు వరసలో మెత్తటి సోఫాలో కూర్చునుంది. వాన మబ్బు మా షామియానా మీదే నిలబడింది. నందపూర్ ఘాటీలో అప్పటికే చిన్న చిన్న రాళ్ళు జారుతున్నాయని డ్రైవర్లు చెప్తున్నారు. ఆ పూట కొండ ఊరి లారీ కదలకపోతే ఇంక కదలదు.

భోజనాల వేళకి సిస్టరమ్మ ఆడవాళ్ళతో స్టేజీ మీదకి వచ్చింది. ఒక్కొక్కరి చేతిలో స్టీలు గ్లాసు, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. గ్లాసులో చోడి అంబలి, మజ్జిగేసి పలచగా కలిపింది. కమిటీ వాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు. నేను మైకు వైరు సవరిస్తున్నట్టు వంగి నిలబడి అంతా చూస్తున్నాను.

భువనేశ్వర్ దాత గ్లాసులోకి చూసి ఎగిరి గంతేసినంత పని చేసేడు. మిల్లెట్టు, మిల్లెట్టు అని, తన డాక్టరు ఇదే తాగమన్నాడని, సిటీలో దీనికి ఎంత గిరాకీయో తెలుసా అని చెప్పి, గ్లాసుతో తన ఫొటో తనే తీసుకుని గటగటా తాగేసేడు. ఆయన తాగగానే స్టేజీ మీద వాళ్ళకందరికీ ఒక్కసారిగా అంబలి మీద భక్తి పుట్టుకొచ్చింది. మా ఇంట్లో రోజూ ఇదేనండి అని ఒకాయన. తల్లి మీద ఒట్టు, ఆయన ఇంట్లో పొద్దున్నే పూరీ వాసన రోడ్డు దాకా వస్తుంది.

ప్రెసిడెంటు గారు మాత్రం గ్లాసు పట్టుకోలేదు. అది ఫేషనైనా, డాక్టరు చెప్పినా, ఆయనకి అది అంబలే. సిస్టరమ్మ ఆయన ఎదురుగా గ్లాసు పట్టుకుని నిలబడింది. అందరూ చూస్తున్నారు. ఆయన చెమట తుడుచుకుని, మైకులో, ఎంతో మర్యాదగా, "క్షమించాలమ్మా. మా ఇంట్లో మొదట్నుంచీ ఇది అలవాటు లేదు" అన్నారు.

అయిపోయిందనుకున్నాను. లారీ కదలదు, ఆ కొండ ఊరి ముసలామె ఇంట్లో చోళ్ళ కుండ వానల మధ్యలోనే అడుగంటుతుంది.

అప్పుడు ముందు వరసలోంచి గొంతు వినిపించింది. మైకు అక్కర్లేని గొంతు.

"ఏట్రా, ఎవులికి సెప్తన్నావు అలవాటు నేదని? నీకు పళ్ళు రాకముందే అంబలి పట్టేనురా నాను."

ముసలమ్మ సోఫాలోంచి లేచే ప్రయత్నం చేస్తోంది. కోడలు చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించుకుంది. ప్రెసిడెంటు గారు అలాగే నిలబడిపోయేరు. సిస్టరమ్మ ఆయన్ని వదిలేసి, స్టేజీ దిగి, ఆ గ్లాసు పట్టుకెళ్ళి ముసలమ్మ చేతికి ఇచ్చింది. ముసలమ్మ రెండు చేతుల్తో పట్టుకుని ఆపకుండా తాగింది. ఉల్లిపాయ కొరికే పళ్ళు లేవు, చప్పరించింది. తాగి, గ్లాసు చాపింది.

"ఇంకాసింత పొయ్యమ్మీ. ఈ మేడ కట్టినకాడ్నించి నాకెవులూ సెయ్యనేదు. అన్నం ఒంటికి పడదని డాట్రు మానిపించేసేడు, అంబలి అడిగితే కొడుకు పరువు పోతాదని ఈళ్ళు కాయనేదు. బిస్కట్లు తిని బతుకుతన్నాను. ఆకలేస్తన్నాదమ్మీ నాకు, రోజూ ఆకలే."

మా షామియానా కింద అంతమంది ముందర ఆహార బేంకు ప్రెసిడెంటు గారి తల్లి ఆ మాట అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి, సిగ్గేటి చెప్పుకోడానికి. ప్రెసిడెంటు గారు స్టేజీ దిగి వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చుని, ఒక గ్లాసు అడిగి తీసుకుని తాగేరు. ఆ ఒక్క పనికీ ఫొటో లేదు. ఫొటోగ్రాఫరు కూడా అలాగే చూస్తూ ఉండిపోయేడు.

ఆ సాయంత్రమే గోదాంలో ఉన్న సన్నబియ్యం తీసి, రాయగడ వ్యాపారి దగ్గర చోళ్ళకి మార్చేం. సంతలో ఆ ఊరి ఆడవాళ్ళు చేసిన బేరమే మేమూ చేసేం, కాకపోతే వాళ్ళు మాకంటే బాగా చేసేరు. లారీ నిండింది. అది ఘాటీ ఎక్కి చోళ్ళు దించి వచ్చేక, ఆ వారంలోనే రోడ్డు జారిపోయింది. వానాకాలమంతా ఆ ఊరు నిలబడింది.

ఆ సాయంత్రం లారీ కదలబోతూంటే, సిస్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. పైనున్న బస్తా ఒకటి కిందకి దించమంది. ఎక్కువైందేమో అనుకున్నాం. కాదు. ఆ బస్తాని ప్రెసిడెంటు గారి కారు డిక్కీలో పెట్టించి, మూత తనే దబ్బున వేసింది. ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

"ఆకలి మీ ఇంట్లో ఉంది బాబూ," అంది. "ముందు అక్కడ దించండి."